చుక్కల మంచానికి నాలుగో కోడు: ఉత్తర తెలంగాణ పిల్లల అంతరిక్ష బొమ్మల పుస్తకం గురించి

పిల్లల కోసం అంతరిక్షం మీద బొమ్మల పుస్తకం తయారుచేసేవారికి శాస్త్ర విషయాల కొరత ఉండదు. చిక్కు వేరే చోట ఉంది. ఆ పుస్తకం తెరిచే పిల్ల తలెత్తి చూసే ఆకాశంలో అప్పటికే పేర్లున్నాయి. కరీంనగర్ పల్లెలో వేగుచుక్క, పిల్లలకోడి, గొల్లకావడి అన్న మాటలు పెద్దల నోట ఇంకా వినిపిస్తాయి. ఆదిలాబాద్ గోండు గూడెంలో ఆ ఆకాశమే మరో రకంగా పరచుకుంటుంది. ఈ పేర్లను పుస్తకం ఏం చేయాలన్నది రూపకల్పనకు సంబంధించిన ప్రశ్నే గానీ అలంకారానికి సంబంధించినది కాదు.

గోండుల ఖగోళ జ్ఞానం మీద ఎం.ఎన్. వాహియా, గణేశ్ హల్కారే 2013లో ప్రచురించిన అధ్యయనం మహారాష్ట్ర, మధ్యప్రదేశ్, నాటి ఆంధ్రప్రదేశ్‌లలోని సుమారు 15 గ్రామాల్లో సేకరించిన సమాచారం మీద ఆధారపడింది. సప్తర్షి మండలంలోని నాలుగు చుక్కలు గోండులకు ముసలమ్మ మంచం. తోకలోని మూడు చుక్కలు దాన్ని ఎత్తుకుపోజూసే దొంగలు. ఇంత చక్కని బొమ్మ దొరికినప్పుడు పుస్తక రచయిత సాధారణంగా రెండు పొరపాట్లలో ఒకటి చేస్తాడు. మొదటిది, కథను ముందు పేజీలో పెట్టి, 'నిజానికి' అన్న మాటతో తరువాతి పేజీలో దాన్ని కొట్టివేయడం. అప్పుడు ఆ పిల్ల విజ్ఞాన పుస్తకం నుంచి నేర్చుకునే మొదటి పాఠం తన అవ్వకు ఏమీ తెలియదన్నది. రెండవది, మంచం కథలో ఆధునిక విజ్ఞానమంతా ముందే ఉందని చాటడం. ఇది మరింత ప్రమాదకరం, ఎందుకంటే మెచ్చుకోలు ముసుగులో వస్తుంది.

వాస్తవానికి మంచానికీ విజ్ఞానానికీ పోటీ లేదు. అంతర్జాతీయ ఖగోళ సంఘం అంగీకరించిన 88 నక్షత్ర మండలాల పేర్లలోనూ ఎలుగుబంట్లు, వేటగాళ్లు, తేళ్లు ఉన్నాయి. చుక్కలను కలిపి బొమ్మ కట్టడం చూపుకు సంబంధించిన పని. ఆ చుక్కలు ఎంత దూరాన ఉన్నాయన్నది కొలతకు సంబంధించిన పని. బొమ్మల పుస్తకానికి ఉన్న అసలైన బలం, పేజీ తిప్పగానే మొదటి పని నుంచి రెండో పనికి మళ్లగలగడం. మొదటి పేజీలో గీతలు లేకుండా ఏడు చుక్కలు మాత్రమే ఉంటాయి. తిప్పితే మంచమూ దొంగలూ కనిపిస్తారు. మళ్లీ తిప్పితే అదే మంచాన్ని పక్కనుంచి చూపవచ్చు: మూడు కోళ్లు సుమారు 80 కాంతి సంవత్సరాల దూరంలో ఇంచుమించు ఒకచోట ఉంటే, నాలుగోది సుమారు 123 కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. చివరి దొంగ కూడా 100 దాటిన దూరంలో విడిగా ఉన్నాడు. మధ్య దొంగ వసిష్ఠుడు, పక్కనే మసకగా అరుంధతి. తెలుగు పెళ్లిలో వధువుకు చూపేది ఈ జంటనే. కథ ఎక్కడా అబద్ధం కాలేదు, కాని నాలుగో కోడు నుంచి బయలుదేరిన వెలుగు తన ముత్తవ్వ పుట్టకముందే దారిపట్టిందని పిల్లకు తెలిసింది.

భాష విషయంలో జాగ్రత్త ఇంకా ఎక్కువ కావాలి. వైదిక వాడుకలో 'అంతరిక్షం' భూమికీ ద్యులోకానికీ నడుమనున్న చోటు; 'రోదసి' ఆ రెండు లోకాలూ కలిపి. పత్రికలు ఈ మాటలకు కొత్త అర్థం అలవాటు చేశాయి. పెద్దలకు ఇబ్బంది లేదు. కాని 'గ్రహం' అనగానే పట్టి పీడించేది గుర్తొచ్చే ఇంట్లోనూ, 'కాంతి సంవత్సరం' అంటే కాలమనుకునే తరగతిలోనూ నిర్వచనం కంటే బొమ్మే ముందు నడవాలి. మహీధర నళినీమోహన్ 'కేలండర్ కథ' వంటి రచనల్లో సాంకేతిక పదాన్ని వాడుక మాట భుజం మీద ఎక్కించి నడిపించారు. వాసాల నర్సయ్య, పత్తిపాక మోహన్ వంటివారి వల్ల కరీంనగర్ ప్రాంతానికి బాలసాహిత్యంలో గట్టి పునాది ఉంది. 2017లో, 2022లో సాహిత్య అకాడెమీ బాలసాహిత్య పురస్కారాలు వీరికే దక్కాయి. అయితే గేయం చెవికి రాసేది, బొమ్మల పుస్తకం పేజీకి రాసేది. ఒకదాని నైపుణ్యం రెండోదానికి దానంతట అదే బదిలీ కాదు.

రైతు ఇంటి పిల్లకు కార్తెలు తెలుసు. రోహిణి ఎండ, మృగశిర చినుకు ఆమె అనుభవంలోనివే. మృగశిర కార్తెలో రాత్రి మృగశిర ఎందుకు కనిపించదు? అప్పుడు సూర్యుడు ఆ చుక్కల దిక్కునే ఉంటాడు గనుక. భూపరిభ్రమణం బోధించడానికి ఇంతకంటే దగ్గరి ద్వారం దొరకదు. రోహిణి అన్న పేరులోనే ఎరుపు ఉంది; ఆ చుక్కను తెల్లగా అచ్చువేస్తే పేరుకూ శాస్త్రానికీ రెంటికీ ద్రోహమే.

పరిమాణాల దగ్గర చాలా పుస్తకాలు తప్పటడుగు వేస్తాయి. గ్రహాలను దండలా గుచ్చి ఒక్క పేజీలో చూపే పద్ధతి అందంగా ఉంటుంది, దూరాన్ని చంపేస్తుంది. భూమిని 4 మిల్లీమీటర్ల జొన్నగింజ అనుకుంటే చంద్రుడు దానికి 12 సెంటీమీటర్ల దూరాన ఆవగింజ. సూర్యుడు 44 సెంటీమీటర్ల వెడల్పున్న చాట, అది 47 మీటర్ల అవతల ఉండాలి. నెప్ట్యూన్ అయితే ఊరి పొలిమేర దాటి దాదాపు కిలోమీటరున్నర. ఈ కొలత పుస్తకంలో పట్టదు. కనుక పుస్తకం పిల్లలను బయటికి పంపాలి.

చిత్రశైలి విషయంలో ఒక హెచ్చరిక అవసరం. గోండు చిత్రకళ పేరుతో ప్రసిద్ధమైనది జంగఢ్ సింగ్ శ్యామ్ ద్వారా మధ్యప్రదేశ్‌లోని పాటన్‌గఢ్ నుంచి వచ్చినది. దాన్ని తెచ్చి ఆదిలాబాద్ ఆకాశానికి అతికించడం అజాగ్రత్త. ఇక్కడి ప్రధానుల సంప్రదాయం ముఖ్యంగా కికిరి వాద్యంతో సాగే కథాగానం. చిత్రకారుడికి ఆధారం గుస్సాడి నెమలి ఈకల కిరీటం, ఇంటి మంచం, నాగలి. నల్లని నేల మీద బంగారు గీత నడిపే నిర్మల్ చిత్రకళ రాత్రికి సహజంగా అమరుతుంది గానీ, అన్ని చుక్కలూ బంగారమైపోతే ఆర్ద్ర ఎరుపు పోతుంది.

చివరికి మంచం బొమ్మ కింద గోండీ పేరు ఏ లిపిలో రాయాలి? గుంజాల గ్రామంలో 2006లో వెలుగులోకి వచ్చిన రాతప్రతుల లిపికి 2018లో యూనికోడ్ స్థానం దొరికింది. ఆ లిపిలో వారాల, నెలల పేర్లు కూడా లభించాయి. అచ్చుకు అడ్డేమీ లేదు. అట్ట మీద అలంకారంగా నాలుగు అక్షరాలు వేసి, లోపలి కథంతా తెలుగులోనే నడిపితే, ఉట్నూరు పిల్ల ఆ లిపిని బొమ్మగానే చూస్తుంది, చదవదు.