షాద్‌నగర్ ఉపగ్రహ చిత్రాగారము: ఆధునీకరణపై ఒక పరిశీలన

హనుమకొండ నుండి వరంగల్లు పోవు త్రోవలో భద్రకాళి చెరువు కట్టపై నిలిచిన వారికి ఒక ప్రశ్న తోచక మానదు. ఈ నీటి అంచు ముప్పదియైదేండ్ల క్రిందట ఎక్కడ ఉండెను? పెద్దలను అడిగినచో ఒకరు ఒక చోటు చూపుదురు, మరియొకరు వేరొక చోటు చూపుదురు. రెవిన్యూ పటములో సర్వే నంబరు ఉండును గాని నీరు ఉండదు. వడ్డేపల్లి చెరువు సంగతియు అంతే. శిఖం భూమి ఎంతవరకు, పట్టా భూమి ఎక్కడ నుండి అను తగాదా వచ్చినప్పుడు ఎవరి పక్షమును వహింపని సాక్షి ఒక్కటే కలదు. అది ఆకాశము నుండి తీసిన పాత చిత్రము. ఆ సాక్షి నివాసము షాద్‌నగర్.

షాద్‌నగర్‌లో ఉపగ్రహ సంకేతములను అందుకొను కేంద్రము 1979లో నెలకొన్నది. మొదట అందినవి అమెరికావారి లాండ్‌శాట్ చిత్రములు. 1988 మార్చి 17న ఐ.ఆర్.ఎస్-1ఎ కక్ష్యకు చేరిన పిదప మన సొంత చిత్రములు రాసాగినవి. అప్పటి పని తీరు ఇట్లుండెను. ఉపగ్రహము తలపైగా సాగుచుండగా ఆంటెన్నా దానిని వెన్నాడి సంకేతములను పట్టును. అవి అయస్కాంతపు టేపులపైకి ఎక్కును. ఆ టేపులను బండిలో పెట్టి హైదరాబాదులోని బాలానగరునకు చేర్చుదురు. అక్కడ కంప్యూటర్లు వంకరలను, వెలుగు తేడాలను సరిచేసి చిత్రముగా మలచును. 904 కిలోమీటర్ల ఎత్తు నుండి దిగివచ్చుటకు సంకేతమునకు సెకనులో అల్పభాగము చాలెడిది. మిగిలిన 60 కిలోమీటర్లు రోడ్డున పోవుటకు పూట పట్టెడిది!

ఈ లోపమును పోగొట్టుటకు 2011లో ఇమ్‌జియోస్ అను సమగ్ర వ్యవస్థ ఏర్పడినది. అందుకొనుట, శుద్ధిచేయుట, భద్రపరచుట, పంచిపెట్టుట అను నాలుగు పనులును షాద్‌నగర్‌లో ఒకే చూరు క్రిందికి వచ్చినవి. యంత్రములన్నియు ఒకే ఉమ్మడి నిల్వ నుండి చదువుకొనును. టేపు చేతులు మారనక్కరలేదు. రోజులు పట్టిన పని గంటలలోనికి దిగినది. 2013లో అంటార్కిటికాలోని భారతి స్థావరమునందు మరియొక గ్రాహక కేంద్రము తోడైనది. ధ్రువకక్ష్యలో తిరుగు ఉపగ్రహము ప్రతి చుట్టులోను ధ్రువప్రాంతము మీదుగా పోవును గనుక, అక్కడ దానిని అందుకొను అవకాశములు మన దేశములోకంటె చాల హెచ్చు.

వేగము అక్కరలేనిది అనరాదు. 2023 జూలై చివరి వానలకు హనుమకొండ, వరంగల్లు వీధులు మునిగినవి; భద్రకాళి చెరువు కట్టకు గండి పడినది. అట్టివేళ మబ్బు మూసిన నేలను మామూలు కెమెరా చూడజాలదు. 2022లో ప్రయోగించిన ఇ.ఓ.ఎస్-04 వంటి రాడారు ఉపగ్రహము చూడగలదు. కదలని నీరు రాడారు తరంగములను అద్దమువలె ప్రక్కకు మరల్చును గనుక చిత్రములో నల్లగా కనిపించును. (ఇండ్ల నడుమ సందులలో నిలిచిన నీటిని గుర్తించుట మాత్రము రాడారుకును సులభము కాదు, గోడలు తరంగములను తిరిగి ఉపగ్రహమువైపే పంపును.) ఆ చిత్రము ఆ పూటకే కలెక్టరు బల్లపైకి చేరవలెను గాని మూడు దినములకు కాదు. ఇమ్‌జియోస్ వలన కలిగిన మేలు ఇది. దీనిని తక్కువ చేసి చెప్పుట న్యాయము కాదు.

ఆక్షేపణ వేరొక చోట ఉన్నది. ఎన్ని ఆంటెన్నాలు, ఎంత నిల్వ, ఎన్ని గంటలు అనునవి లెక్కకు సులువుగా లొంగును. పాత చిత్రము నేటి చిత్రముతో సరిపోలునా అనునది అంత సులువుగా లొంగదు. ఇమ్‌జియోస్‌ను గూర్చిన వివరణలలో మొదటిదానికే పెద్దపీట వేసినారు. చిత్రాగారమును గిడ్డంగిగా భావించినచో ఇది చాలును. కాని చెరువు అంచును గూర్చి అడుగువానికి చాలదు.

ఏలయన ఐ.ఆర్.ఎస్-1ఎ లోని లిస్-1 కెమెరాకు 72.5 మీటర్ల చదరము ఒక చుక్క. తెలంగాణపు కొలతలో చెప్పినచో ఒక ఎకరము 12 గుంటలు. లిస్-2 కెమెరా చుక్క 36.25 మీటర్లు, అనగా 13 గుంటలు. తరువాతి కాలమున రిసోర్స్‌శాట్‌లోని లిస్-4 చుక్క 5.8 మీటర్లకు దిగినది. అది గుంటలో మూడవ వంతు మాత్రమే. 2005లో పోయిన కార్టోశాట్-1 చుక్క 2.5 మీటర్లు. ఒక చదరపు కిలోమీటరు నేలకు లిస్-2 చిత్రములో సుమారు 760 చుక్కలు ఉండగా, కార్టోశాట్-1 చిత్రములో 1,60,000 ఉండును. నిల్వ ఎందుకు పెరిగినదో పాఠకులు దీనినిబట్టి ఊహించవచ్చును.

ఇప్పుడు 1988 నాటి లిస్-2 చిత్రమును నేటి చిత్రముపై పరచి చూడుడు. పాతది ఒక్క చుక్క ప్రక్కకు జరిగి కూర్చున్నదనుకొనుడు. చెరువు అంచు 36 మీటర్లు జరుగును. అర కిలోమీటరు పొడవు గల అంచు వెంబడి ఆ తేడా 4 ఎకరముల 19 గుంటలు అగును. ఎవరును ఆక్రమింపకయే నాలుగెకరములు మాయమైనట్లు తోచును. లేదా నిజముగా పూడ్చిన నాలుగెకరములు కంటబడకుండ పోవును. ఆ హెక్కుతగ్గులు హనుమకొండలో ఎన్ని ఇండ్ల స్థలములకు సమానమో చెప్పనక్కరలేదు. పైగా చెరువు నీరు కార్తికమున ఒక అంచున, వైశాఖమున మరియొక అంచున నిలుచును. ఒక తేదీ చిత్రముతో తీర్పు చెప్పువాడు పొరబడును. ఐ.ఆర్.ఎస్-1ఎ ఒకే చోటికి 22 దినములకొకసారి వచ్చెడిది. మబ్బులేని ప్రతి రాకయు విలువైనదే. సగము మబ్బు కప్పినదైనను, మిగిలిన సగములో భద్రకాళి చెరువు ఉండవచ్చును.

దీనికి మార్గము లేకపోలేదు. పాత సంకేతములను బయటికి తీసి, నేటి నికరమైన ఆధార పటములను పెట్టుకొని, ఒకే కొలతతో మొదటి నుండి చివరివరకు మరల శుద్ధి చేయవలెను. లాండ్‌శాట్ విషయమున అమెరికా భూగర్భ సర్వే శాఖ ఈ పనినే చేసినది. 1972 నుండి పోగైన చిత్రములను 2016లో ఒకసారి, 2020లో మరొకసారి మొత్తముగా తిరిగి శుద్ధిచేసి, స్థాననిర్ణయమున ఏ చిత్రము ఎంత నమ్మదగినదో తరగతులుగా విభజించినది. ఇందుకు యంత్రముల కాలము కావలెను, మనుష్యుల కాలము అంతకంటె ఎక్కువ కావలెను. ఈ రెండును రోజువారీ పనిలో మిగిలినప్పుడు చూతమన్నచో ఎన్నటికిని మిగులవు. కావున ఆధునీకరణ ప్రణాళికలో దీనికి వేరు పద్దు ఉండవలెను.

మరల శుద్ధి చేయవలెనన్న మూల సంకేతము ఉండవలెను. చిత్రమొక్కటే దాచిన చాలదు. ఆనాటి కెమెరా కొలతలు, కక్ష్యావివరములు, చదువు పద్ధతి తెలుపు పత్రములు కూడ ఉండవలెను. అవి లేని టేపు, తాళపుచెవి పోయిన పెట్టె వంటిది. 1969లో చంద్రునిపై మనుష్యుడు దిగిన నాటి మూల సంకేతముల టేపులను తరువాత తుడిచి మరల వాడుకొన్నట్లు అమెరికా అంతరిక్ష సంస్థయే 2009లో ఒప్పుకొన్నది. దీనికి విరుద్ధమైన కథయు కలదు. 1964లో నెల దినములైనను పనిచేయని నింబస్-1 ఉపగ్రహపు ఫిల్ము చుట్టలను దాదాపు అర్ధ శతాబ్దము తరువాత వెలికితీసి, ఆ సంవత్సరము సెప్టెంబరులో అంటార్కిటికా చుట్టునుగల సముద్రపు మంచు విస్తీర్ణమును లెక్కగట్టినారు. నింబస్‌ను పంపినవారి ఆలోచనలో ఆ మంచు లేదు. పాత చిత్రముతో ఏ పని పడునో దాచినవానికి తెలియదు.

చిత్రములను అందుబాటులో ఉంచుట విషయమున ఇటీవలి అడుగులు మెచ్చదగినవి. భూనిధి అను ద్వారము నుండి పలు దశాబ్దముల చిత్రములను ఎవరైనను వెదకవచ్చును. 2023 నాటి భారత అంతరిక్ష విధానము 5 మీటర్లు, అంతకు మించిన చుక్క గల చిత్రములను ఉచితముగా ఇవ్వవలెనన్నది. కావున లిస్-4 చిత్రము హనుమకొండ విద్యార్థికి చేరువైనది. అంతకంటె సన్నని చిత్రములు ప్రభుత్వ శాఖలకు ఉచితము, ఇతరులకు వెల. ఇక్కడ ఒక చిక్కు కలదు. చెరువు తగాదాలో ఒక పక్షము తరచు ప్రభుత్వ శాఖయే. ఒక పక్షమునకు ఉచితముగా దొరకు సాక్షి రెండవ పక్షమునకు వెలకు దొరకుట సమంజసముగా తోచదు. పదేండ్లు దాటిన కార్టోశాట్-1 చిత్రములనైనను అందరికి ఉచితము చేసినచో వచ్చు నష్టము స్వల్పము. 2008లో లాండ్‌శాట్ చిత్రములకు వెల ఎత్తివేసిన తరువాత రోజుకు పదుల సంఖ్యలో పోవు చిత్రములు వేలకు పెరిగినవి. అంతకుముందు చూచువారు లేక కాదు, కొనగలవారు లేక.

ఇంకొక చిన్న సంగతి, ఖర్చు లేనిది. చిత్రము అడిగినవానికి దానితోపాటు ఒక చీటీ అందవలెను. ఈ చిత్రము నేలపై ఎన్ని మీటర్ల వరకు తప్పవచ్చును, ఏ ఆధార పటముతో సరిచేయబడినది, ఏ తేదీన మరల శుద్ధియైనది అని వాడుక తెలుగులో అందులో ఉండవలెను. వడ్డేపల్లి చెరువు కట్టపై కాగితము పట్టుకొని నిలిచిన సర్వేయరు మొదట అడుగునది ఆ సంఖ్యనే.