మేకు లేని పీపా

స్కాట్లాండ్‌లో స్పే నది వెంట తిరిగేవాళ్ళకి చూడటానికి కొదవ లేదు. డఫ్‌టౌన్‌లో కప్పు ఎగిరిపోయి మొండిగోడలతో నిలిచిన బాల్వెనీ కోట, దాని పక్కనే 1887 నుంచి విస్కీ కాస్తున్న గ్లెన్‌ఫిడిక్ డిస్టిలరీ, చుట్టుపక్కల బార్లీ చేలు, గొర్రెలు మేసే కొండవాలు. వచ్చినవాళ్ళంతా కోట దగ్గరా, నిగనిగలాడే రాగి బట్టీల దగ్గరా ఫొటోలు దిగుతారు. నా ఓటు మాత్రం ఆ దగ్గర్లోనే క్రెయిగెల్లాకీ ఊళ్ళో ఉన్న పీపాల షెడ్డుకి. పేరు స్పేసైడ్ కూపరేజ్. 1947లో పెట్టారు. ఏటా లక్షకు పైగా పీపాలు ఇక్కడ బాగుపడి మళ్ళీ డిస్టిలరీలకు వెళ్తాయి.

బట్టీ నుంచి దిగినప్పుడు విస్కీకి రంగే ఉండదు, మంచినీళ్ళలా ఉంటుంది. ఓక్ పీపాలో కనీసం 3 ఏళ్ళు నిలవుంటే తప్ప దాన్ని స్కాచ్ అనడానికి చట్టం ఒప్పుకోదు. పీపా 700 లీటర్లు దాటకూడదు కూడా. రుచిలో సగానికి పైగా చెక్క ఇచ్చిందేనని ఆ వృత్తిలోవాళ్ళే చెబుతారు. (రంగు సంగతి వేరు. కారమెల్ కలుపుకోవచ్చని అదే చట్టం వెసులుబాటు ఇచ్చింది. సీసాలో బంగారు ఛాయ చూసి మురిసిపోకండి.)

పీపాల్లో ఎక్కువ భాగం అమెరికా నుంచి వచ్చినవే. అక్కడి విస్కీ అయిన బర్బన్‌ని లోపల కాల్చిన కొత్త ఓక్ పీపాలోనే నిలవుంచాలన్నది నియమం. ఒకసారి వాడేశాక అది వాళ్ళకి అక్కరకు రాదు, స్కాట్లాండ్‌వాళ్ళకి వరం. సుమారు 200 లీటర్ల ఆ పీపాల్ని విప్పి, 5 పీపాల బద్దలతో 250 లీటర్లవి 4 కట్టడం పాత లెక్క.

పనితనం ఆ కట్టడంలోనే ఉంది. పీపాకి సుమారు 30 బద్దలు. ప్రతి బద్దా నడుమ వెడల్పు, కొసల్లో సన్నం. అంచులు నిటారుగా ఉండవు, లోపలికి ఏటవాలుగా చిత్రిక పట్టి ఉంటాయి. ఆ వాలు ఒక్క బద్దకి తప్పినా పీపా కారుతుంది. పాడైన బద్ద తీసేశాక పనివాడు పక్కనున్న కుప్పలో చెయ్యి పెట్టి, రెండు మూడు తిరగేసి, సరిపోయేదాన్ని లాగుతాడు. టేపు పట్టి చూడడు. కన్నే కొలత.

మన దగ్గర బండి చక్రానికి ఇనుప పట్టా కాల్చి తొడుగుతారు, చల్లారాక అది బిగుస్తుంది. ఇక్కడ కాల్చే అవసరం లేదు. పీపాకి నడుము లావు కాబట్టి పట్టీని సుత్తితో అటువైపు దిగగొట్టినకొద్దీ బద్దలు ఒకదాన్నొకటి నొక్కుకుంటాయి. మేకు లేదు, జిగురు లేదు. పోసిన ద్రవాన్ని పీల్చుకుని చెక్క ఉబ్బితే ఆ పట్టు ఇంకా గట్టిపడుతుంది. ఆ లావు నడుము వల్లే ఇంకో మేలు: నిండు పీపా రెండు క్వింటాళ్ళు దాటినా నేలకి తగిలేది కాస్తంత చోటే, ఒక్క మనిషి దాన్ని దొర్లించి ఎటు కావాలంటే అటు తిప్పగలడు.

మూత దగ్గర ఆగి చూడాలి. బద్దల కొసల లోపలివైపు చుట్టూ సన్నని గాడి తీస్తారు. మూత అంచు ఆ గాడిలో కూర్చుంటుంది. సందుల్లోంచి చుక్క కూడా రాకుండా వాళ్ళు పెట్టేది ఎండబెట్టిన జమ్ము. రబ్బరు, ప్లాస్టిక్ వచ్చి ఇన్నేళ్ళయినా దాని స్థానం చెక్కు చెదరలేదు. విస్కీకి వాసన అంటించకుండా, తడికి ఉబ్బి సందు మూసే సరుకు చెరువుగట్టున దొరుకుతుంటే ఇంకోటి ఎందుకు?

ఇంత బిగించినా ఏటా సుమారు 2 శాతం విస్కీ చెక్క గుండా ఆవిరైపోతుంది. దాన్ని దేవదూతల వాటా అంటారు. ఆ వాటా ఆపాలని ఎవరూ చూడరు. గాలి ఆడని చెక్కలో విస్కీ పండదు.

పని నేర్చుకోవడానికి 4 ఏళ్ళు. ముగిసిన రోజున కుర్రాణ్ణి పీపాలోకి దించి, మసీ మడ్డీ మీద పోసి దొర్లిస్తారు. ఆ తర్వాత కూలీ పీపా లెక్కన. అందుకే షెడ్డులో ఎవరూ తలెత్తి చూడరు, సుత్తి ఆపరు. గంటల లెక్కన జీతమిస్తే ఆ చేతుల వేగం ఇలా ఉండేదా అని నా అనుమానం. అయినా హడావిడిలో పని చెడదు. కట్టిన ప్రతి పీపాకీ కారుతుందో లేదో పరీక్ష ఉంటుంది, కారితే మళ్ళీ విప్పాల్సింది వాళ్ళే. సీసా మీద డిస్టిలరీ పేరు, వయసు, ఊరు అన్నీ అచ్చేస్తారు గాని పీపా కట్టినవాడి పేరు ఎక్కడా కనపడదు. ఇది అన్యాయమే.

ఎడిన్‌బరో కోట చూసి తిరుగుముఖం పట్టేవాళ్ళు ఇంకో రెండు రోజులు చేతిలో ఉంచుకుంటే మంచిది. ఎల్గిన్ దాకా రైలుంది, అక్కడి నుంచి బస్సు. పైన గ్యాలరీలో నిలబడి కింద పనంతా చూడొచ్చు. పనిదినం చూసుకుని వెళ్ళండి, సెలవు రోజున సుత్తి మోగదు. మందు ముట్టనివాళ్ళు కూడా నిరభ్యంతరంగా వెళ్ళొచ్చు. అక్కడ జరిగేది వట్టి చెక్కపనే.