వరస కుదరని ఇంటిపని

బడిలో ఇచ్చే పనికి ఒక్కో భాషలో ఒక్కో పేరు. అరబ్బీలో ‘వాజిబ్’, అంటే తప్పనిసరి బాధ్యత. ఫార్సీలో ‘మష్ఖ్’, అంటే సాధన. తెలుగులో ‘ఇంటిపని’. ఆ మాట వింటే మా ఆడపిల్లలకు ముందు గుర్తొచ్చేది అంట్లూ, నీళ్ల బిందెలూ.

పేర్ల సంగతి అలా ఉంచుదాం. పిల్లలకిచ్చే ప్రశ్న చూద్దాం. ‘ఇంట్లో పెద్దల్నడిగి మీ బంధువుల వరసలు రాయండి.’ ఎంత అమాయకమైన ప్రశ్న!

మా పిల్ల వాళ్ల అమ్మీని అడుగుతుంది. ఖాలా, ఫుప్పూ, మామూ, చిచ్చా అని అమ్మీ చెబుతుంది. తెలుగులో రాయాలి కాబట్టి పిల్ల ఖాలాను పిన్నిని చేస్తుంది. చిక్కంతా అక్కడే. తెలుగు వరసలో పిన్ని కొడుకు అన్నో తమ్ముడో అవుతాడు. మాలో ఖాలా కొడుకుతో నిఖా చెల్లుతుంది. ఆ సంగతి క్లాసులో తెలిస్తే ‘అన్ననే చేసుకుంటారంట’ అని వెక్కిరింత. మేనమామను పెళ్లాడే ఆచారమున్న నేల మీద ఈ వెక్కిరింత! మాకు మామూతో నిఖా హరామ్. ఎవరి వరస వారిది. పుస్తకంలో మాత్రం ఒకరి వరసే అచ్చవుతుంది.

అనువాదం మీద మాకు కోపం లేదు. రెండు లోకాల మధ్య అనువాద భారమంతా ఎనిమిదేళ్ల పిల్ల నెత్తిన పెట్టి, పైగా దానికే మార్కులు కోయడం మీద కోపం.

భాషా మైనారిటీల పిల్లలకు ప్రాథమిక స్థాయిలో మాతృభాషలో చదువుకునే వసతులు కల్పించాలని రాజ్యాంగం 350-ఎ అధికరణం 1956 నుంచీ చెబుతోంది. మరి మా మాతృభాష ఏది? ఉర్దూ మీడియంలో చేరి, ఇంట్లో అన్నట్టే ‘నక్కో’ అని రాస్తే అక్కడా ఎర్రసిరా గీతే. దక్కనీ ఉర్దూ కాదట! దూదేకుల ఇళ్లలో తెలుగే ఇంటిభాష. ‘తురకోళ్లకు ఇంత తెలుగెలా వచ్చింది’ అని బయటివాళ్లు ఆశ్చర్యపోతారు. ‘ఉర్దూ రాని ముసల్మానేంటి’ అని మావాళ్లే దెప్పుతారు. రెండోదే ఎక్కువ కోస్తుంది.

ఖదీర్‌బాబు ‘దర్గామిట్ట కతలు’ 1999లో పుస్తకంగా వచ్చాయి. ముస్లిం ఇల్లు నెల్లూరు తెలుగులో హాయిగా మాట్లాడగలదని చూపాయి. తెలుగు పాఠకులు నవ్వుకున్నారు, మెచ్చుకున్నారు. కథలో మెచ్చిన ఇంటిని నోట్‌బుక్కులో ఎందుకు కొట్టేస్తారు?

మేం గొంతెమ్మ కోరికలేమీ కోరడం లేదు. ఖాలా అని రాసినచోట ఖాలానే ఉండనివ్వండి. అర్థం తెలియకపోతే ఆ పిల్లనే అడిగి తెలుసుకోండి.