పుట్టపర్తి బహుభాషా వ్యాసంగం – ఒక పరిశీలన

పుట్టపర్తి నారాయణాచార్యులు (1914–1990) పేరు ఎత్తగానే మన సభల్లో మొదట వినవచ్చే మాట, ఆయనకు పద్నాలుగు భాషలు వచ్చునని. ఆ అంకె చెప్పి చప్పట్లు కొట్టించడం తేలికే. సాహిత్య విమర్శకు మాత్రం దానివల్ల ఒనగూడేది స్వల్పం. పరాయి భాష, పరాయి సంస్కృతి కవిలో దేనిని కదిలించాయో, అతని చూపును ఎంతవరకు మార్చాయో తేల్చడమే విమర్శకుని పని. బిరుదుల పట్టికలో చేరి ఊరుకున్న విద్య ఆభరణంవంటిది. దానిని వికాసమనలేము.

ఈ దృష్టితో చూచినప్పుడు ఆయన పెనుకొండ బాల్యం చాలా ముఖ్యమవుతుంది. తండ్రి శ్రీనివాసాచార్యులు పండితుడు. ఇంట్లో సంస్కృతం, వైష్ణవాచారం. ఆ ఇంటి పిల్లవాడు అదే ఊళ్ళో ఇద్దరు స్త్రీల వద్ద శిష్యరికం చేశాడు. సబ్‌కలెక్టరు భార్య పిట్ దొరసాని ఆంగ్ల సాహిత్యం చెప్పింది. పక్కా హనుమంతమ్మ అనే దేవదాసి నాట్యం నేర్పింది. మొదటి గురువును అందరూ గొప్పగా చెప్పుకుంటారు. రెండవ ఆమెను వింతగా పేర్కొని ముందుకు సాగిపోతారు. కాని ఆ పిల్లవాడు ఎక్కువ దూరం నడిచింది రెండవ గురువు ఇంటికే. దొరసాని చదువు వెనుక పాలకుల పలుకుబడి ఉంది. దేవదాసి ముందు శిష్యుడుగా నిలబడటానికి ఆచార్యుల బిడ్డ కులగౌరవమనే గడప దాటవలసి వచ్చింది. కులాలుగా చీలిన ఊళ్ళో పరసంస్కృతికోసం సముద్రాలు దాటనక్కరలేదు, అది పక్క వీధిలోనే కాపురముంటుంది. ‘శివతాండవం’ లయలో వినిపించే అడుగుల సవ్వడికి ఆ వీధి ఋణం ఉన్నదని మరవరాదు.

1565లో విజయనగరం పతనమైన తరువాత పెనుకొండ రాజధాని అయింది, కాలక్రమాన శిథిలమయింది. ఆ శిథిలాలను చూచి నారాయణాచార్యులు చిన్నతనంలోనే ‘పెనుగొండ లక్ష్మి’ రాశారు. తరువాత విద్వాన్ పరీక్షకు కూర్చున్నప్పుడు తన కావ్యమే తనకు పాఠ్యగ్రంథమయింది. అందులోని శోకం గతించిన వైభవం కోసం. ‘మేఘదూతము’ దగ్గరికి వచ్చేసరికి కాళిదాసు యక్షుని స్థానంలో చెరలో ఉన్న ఖైదీ నిలబడ్డాడు. మేఘం అదే, విరహమూ అదే, సందేశం పంపేవాడు మారాడు. ఈ మార్పుకు భాషాజ్ఞానమొక్కటే కారణమంటే అది భావవాదమవుతుంది. సీమ కరవులు, ఆనాటి ప్రజా ఉద్యమాలు కవిని కదిలించాయి. కదిలిన హృదయానికి తగిన రూపం వెదకుకొనే శక్తిని బహుభాషా పరిచయం ఇచ్చింది.

మరాఠీ నుంచి ఆయన తెలుగు చేసిన ధర్మానంద కోశాంబి గ్రంథం ‘భగవాన్ బుద్ధ’ ఇంకొక నిదర్శనం. వృద్ధుణ్ణి, రోగిని, శవాన్ని, సన్యాసిని చూచి సిద్ధార్థుడు ఇల్లు విడిచాడన్న కథను కోశాంబి అంగీకరించడు. రోహిణీ నది నీటికై శాక్యులకు, కోలీయులకు మధ్య వచ్చిన తగాదాలో గృహత్యాగానికి కారణం వెదకుతాడు. బుద్ధుని అవతారాల్లో ఒకటిగా లెక్కించే పురాణ సంప్రదాయంలో పెరిగిన పండితుడు, అతణ్ణి మానవుడుగా నిలబెట్టిన గ్రంథాన్ని తెనిగించాడు. గుక్కెడు నీటి విలువ తెలిసిన ఈ సీమ పాఠకునికి ఆ వాదం ఎంత సన్నిహితమో వేరుగా చెప్పనక్కరలేదు.

ఇంత చదివీ ఆయన భక్తుడుగానే ఉండి ‘జనప్రియ రామాయణం’ రాశారు కదా అని మన మిత్రులు కొందరు ఆక్షేపించవచ్చు. ఆక్షేపణలో కొంత నిజముంది. ఇతర సంస్కృతుల పరిచయం వర్గదృష్టిని తనంతట తాను ప్రసాదించదు. అయితే తనకు నచ్చని ఆలోచనకు కూడా న్యాయంగా మాట ఇవ్వగల ఓర్పును అది నేర్పుతుంది. ఆ ఓర్పు మనలో ఎందరికుంది?

ఇది ఒక్క పుట్టపర్తికే పరిమితమైన విషయం కాదు. ధర్మవరంలో పుట్టి బళ్ళారిలో వకీలుగా స్థిరపడిన ధర్మవరం రామకృష్ణమాచార్యులు (1853–1912) నాటకం మంగళాంతం కావాలన్న సంస్కృత నియమాన్ని కాదని ‘విషాద సారంగధర’ రాశారు. అందులో ఆంగ్ల విషాదాంత నాటకాల ప్రభావం స్పష్టం. కథ మాత్రం మనదే. పద్యమూ, పాటా మనవే. తన ఇంటి కథలోని దుఃఖాన్ని కడదాకా చూచే ధైర్యం ఆయనకు పరాయి రంగస్థలం ఇచ్చింది.

ఇక నేటి సంగతి. హిందూపురం పట్టుగూళ్ళ మార్కెట్టులో బేరసారాలు తెలుగు, కన్నడం, ఉర్దూలలో సాగుతాయి. ఆ కూలీని, రైతును బహుభాషాకోవిదులని ఎవరూ సన్మానించరు. 2019లో పెనుకొండ చెంత ఎర్రమంచిలో కియా కార్ల కర్మాగారం ఉత్పత్తి ప్రారంభించాక రహదారి పక్కన కొరియా లిపిలో బోర్డులు వెలిశాయి. ఉద్యోగంకోసం ఆ భాష నేర్చుకునే యువకులను తప్పుపట్టవలసిన పనిలేదు. కూటికోసం నేర్చిన భాషా భాషే. కాని ఆజ్ఞలు అర్థం కావడంతో చదువు ఆగిపోతే యజమానికి లాభం, మనిషికి కొరత. కార్మిక చట్టాలు అమలు చేయాలని 1970లో సియోల్‌లో ఆత్మాహుతి చేసుకున్న బట్టల కార్మికుడు చోన్ తేఇల్ కథ కూడా ఆ భాషలోనే ఉంది. 22 ఏళ్ళ ఆ యువకుని గూర్చి ధర్మవరం మగ్గాల దగ్గర, హిందూపురం కుట్టుమిషన్ల దగ్గర చెప్పుకోవలసి ఉంది.

అందుచేత మన కళాశాలల్లో పుట్టపర్తిని బోధించే ఉపాధ్యాయులు పద్నాలుగు భాషల ప్రశంసను కాస్త తగ్గించి, హనుమంతమ్మ పాఠాన్ని, కోశాంబి అనువాదాన్ని విద్యార్థుల ముందు పెట్టాలి. ఎవరి భాష నేర్చుకుంటున్నాం, ఎవరి కష్టం వినడానికి నేర్చుకుంటున్నాం అన్న ప్రశ్న వారి నోటినుంచే రావాలి.