చంద్రుడి మరుగున గ్రహం: ఆ ఫొటో విలువ ఎక్కడుంది?

2023 మార్చి 24న, అంటే శోభకృత్ ఉగాది వెళ్ళిన తదియనాడు, నెలవంక పగటివేళే శుక్రుణ్ణి తన చాటుకు తీసుకుంది. పొద్దుగూకేసరికి శుక్రుడు బయటపడి వంక కింద చుక్కలా వేలాడాడు. మన దేశంలో రంజాన్ తొలి ఉపవాసం కూడా ఆ రోజే కావడంతో ఢిల్లీలో ఇఫ్తార్ కోసం ఎదురుచూస్తున్నవాళ్ళ చూపులూ పడమటి ఆకాశం మీదే ఉన్నాయి. ఆ సాయంత్రం ఫోన్లలో ఫొటోలు వెల్లువెత్తాయి. అందంగానే ఉన్నాయి, కాదనలేం. కానీ ఇలాంటి ఫొటోలు నాలుగు చేతులు మారేసరికి వాటి కింద ఊరి పేరూ ఉండదు, తీసిన సమయమూ ఉండదు. అవి రెండూ పోయాక మిగిలేది అందం ఒక్కటే. చంద్రుడు గ్రహాన్ని కప్పే దృశ్యానికి అసలు విలువ అందంలో లేదని, అది ఏ చోటి నుంచి ఏ నిమిషాన కనిపించిందన్న దాంట్లోనే ఉందని ఈ వ్యాసం వాదన. కెమెరా సెట్టింగుల నుంచి నిలబడే చోటు దాకా మిగతా మెలకువలన్నీ ఆ విలువను కాపాడేవిగా ఉండాలి.

ఎందుకంటే ఈ దృశ్యం అన్ని ఊళ్ళలో ఒకేలా ఉండదు. శని మనకు వంద కోట్ల కిలోమీటర్లకు పైగా దూరంలో ఉంటాడు. భూమి మీద ఎక్కడి నుంచి చూసినా నక్షత్రాల మధ్య అతని చోటు మారినట్టు కనిపించదు. చంద్రుడి సంగతి అలా కాదు. సగటున 3,84,400 కిలోమీటర్లే కాబట్టి మనం కదిలితే అతనూ కదిలినట్టు కనిపిస్తాడు. ఢిల్లీకీ హైదరాబాదుకీ తిన్నగా కొలిస్తే సుమారు 1,250 కిలోమీటర్లు. చంద్రుడి దూరం నుంచి చూస్తే ఆ నిడివి దాదాపు 11 ఆర్క్ మినిట్ల కోణం, అంటే చంద్రబింబం వెడల్పులో మూడోవంతు. చంద్రుడు నడినెత్తి నుంచి ఎంత ఒరిగి ఉంటే అంత తగ్గుతుంది గానీ తొమ్మిది పది మినిట్లు తేలిగ్గా మిగులుతాయి. ఢిల్లీ నుంచి చూసేవాళ్ళకు గ్రహం బింబం నడిమి వెనక్కి వెళ్తుంటే, అదే సమయానికి హైదరాబాదువాళ్ళకు అది దక్షిణపు అంచుకేసి బాగా జరిగి కనిపిస్తుంది. గ్రహం ఇంకా మరుగుకు వెళ్ళకముందు, రెండు ఊళ్ళలో ఒకే నిమిషాన తీసిన రెండు ఫొటోలను తీసుకుని, చంద్రుడి మీది గుంతలకు గుంతలు కలిసేలా ఒకదానిపై ఒకటి పేర్చండి. గ్రహం రెండు చోట్ల కనబడుతుంది. ఆ రెండు చుక్కల మధ్య దూరం కొలిస్తే చంద్రుడి దూరం లెక్కకట్టడానికి పదో తరగతి త్రికోణమితి చాలు. కొలతలో అర మినిట్ పొరపాటు పడినా ఫలితం ఐదు శాతం అటూ ఇటూ అవుతుంది, అంతే. ఇది కొత్త ఆలోచనేమీ కాదు. అర్ధచంద్రుడి చీకటి వైపు నుంచి కుజుడు మరుగై వెలుగు వైపు నుంచి బయటికి రావడం చూసి, కుజుడే ఎక్కువ దూరంలో ఉన్నాడని క్రీస్తుకు పూర్వం నాలుగో శతాబ్దంలోనే అరిస్టాటిల్ రాశాడు. ఏది ముందుందో ఏది వెనకుందో తేల్చడానికి అతనికి కళ్ళు సరిపోయాయి. ఎంత దూరమో తేల్చాలంటే మాత్రం రెండు ఊళ్ళు కావాలి.

ఇక కెమెరా దగ్గరికి వస్తే, చిక్కంతా వెలుగులో తేడాది. పౌర్ణమి చంద్రుణ్ణి ఎఫ్ 11 దగ్గర, ఐఎస్ఓ 100తో, సెకనులో వందో వంతు ఎక్స్‌పోజరుతో తీయొచ్చన్నది ఫొటోగ్రాఫర్లందరికీ తెలిసిన పాత సూత్రం. గ్రహాలు ఈ సూత్రానికి లొంగవు. శని మీద పడే ఎండ చంద్రుడి మీద పడేదాంట్లో తొంభయ్యో వంతు. అతని మేఘాలు చంద్రుడి మట్టి కంటే బాగా తెల్లనివే అయినా, ఒక్కో చదరపు ముక్క వెలుగు నిండు చంద్రుడితో పోలిస్తే ఇరవయ్యో వంతుకు మించదు. శుక్రుడు తలకిందుల కేసు. అతను నిండు చంద్రుడి కంటే పదింతలు మెరుస్తాడు, పైగా అప్పుడు పక్కనున్నది నిండు చంద్రుడు కాదు, ఇంకా మసకైన నెలవంక. కుజుడొక్కడే చంద్రుడికి దగ్గర దగ్గరగా ఉంటాడు, అందుకే అతన్ని తీయడం తేలిక. అందం కోరేవాళ్ళు గ్రహానికి సరిపడా ఎక్స్‌పోజర్ పెడతారు. శని విషయంలో దాని ఫలితం చంద్రుడు తెల్లటి పళ్ళెమై గుంతలన్నీ మాయం కావడం. కొలత కోరేవాళ్ళు దీనికి ఎదురు దారి పట్టాలి. చంద్రుడి గుంతలు నిలిచేలా ఎక్స్‌పోజర్ పెట్టి, గ్రహం మసక చుక్కగానో తెల్లటి చుక్కగానో పడితే పడనివ్వాలి. ఫైలు రా రూపంలో ఉంటే నాలుగు స్టాపులు తక్కువ పడిన శనిని తర్వాత పైకి లాగొచ్చు. తెల్లబారిపోయిన గుంతను ఏ సాఫ్ట్‌వేరూ వెనక్కి తేలేదు.

లెన్సు నిడివిని 110తో భాగిస్తే సెన్సారు మీద చంద్రుడి వెడల్పు వస్తుంది. 500 మిల్లీమీటర్ల లెన్సుతో అది నాలుగున్నర మిల్లీమీటర్లు. అదే లెన్సుతో శని ఉంగరాలు, నాలుగు మైక్రాన్ల పిక్సెళ్ళ మీద, పాతిక పిక్సెళ్ళకు మించవు. ఉంగరం ఉందని తెలుస్తుంది, అంతవరకే. ఉంగరాల వివరం కావాలంటే 2,000 మిల్లీమీటర్ల టెలిస్కోపు తప్పదు. దాంతో వచ్చే తలనొప్పి కదలిక. చంద్రుడు గ్రహం మీదికి సెకనుకు అర ఆర్క్ సెకండు చొప్పున జరుగుతుంటాడు. గ్రహాల ఫొటోలు తీసేవాళ్ళు మామూలుగా నిమిషాల కొద్దీ వీడియో తీసి, వేల ఫ్రేముల్లోంచి మంచివి ఏరి పేరుస్తారు. ఇక్కడ అలా చేస్తే అంచో గ్రహమో, ఏదో ఒకటి సాగిపోయి తీరుతుంది. రెండు మూడు సెకన్ల ఫ్రేములతోనే సరిపెట్టుకోవాలి. చుక్కయితే చంద్రుడి అంచు తగలగానే టక్కున ఆరిపోతుంది. శని ఉంగరాలతో సహా మునగడానికి నిమిషానికి పైనే పడుతుంది కనుక ఈ హడావిడిలో కాస్త ఊపిరి తీసుకోవచ్చు. ఏ అంచున కాచుకోవాలన్నది పక్షాన్ని బట్టి ఉంటుంది. శుక్లపక్షంలో గ్రహం చీకటి అంచున మాయమై వెలుగు అంచున తేలుతుంది. బహుళపక్షంలో దీనికి తిరగేసి. 2024 జులై 24 సంకటహర చవితి. ఆ రాత్రి అర్ధరాత్రి దాటాక శని మెరిసే అంచు వెనక్కి వెళ్ళి చీకటి అంచు నుంచి బయటపడ్డాడు. కనిపించని అంచు దగ్గర ముందుగానే ఫోకస్ చేసి కూర్చోవడం ఓపికకు పరీక్షే.

కెమెరా గడియారం గురించి ఎవరూ పట్టించుకోరు. ఫోను నెట్‌వర్కు నుంచి సమయం తెచ్చుకుంటుంది. కెమెరా మాత్రం నెలల తరబడి సరిచేయకపోతే నిమిషాల్లో తప్పుతుంది, చంద్రుడు ఒక్కో నిమిషానికి అర ఆర్క్ మినిట్ జరిగిపోతుంటాడు. దేశం మొత్తానికి ప్రామాణిక సమయం నడిపేది న్యూఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాలే. ఆ గడియారం ఉన్న ఊళ్ళోనే సమయం లేని ఫొటోలు తీయడం చిన్నతనంగా లేదూ?

ఢిల్లీ ఆకాశంలో ఇవన్నీ కుదిరే పనేనా అన్నది సహజమైన సందేహం. పాలపుంతకైతే కుదరదు, ఇక్కడి దీపాల వెలుగులో అది ఎప్పుడో మునిగిపోయింది. చంద్రుడికీ గ్రహానికీ ఆ దీపాలతో పనిలేదు. పొగమంచు వెలుగును తగ్గిస్తుంది, కానీ శీతకాలపు నిశ్చల గాలిలో బింబం వణకడం తక్కువ. జులైలో మబ్బుకు మందు లేదు, ఒప్పుకోవాల్సిందే. ఆకాశం కంటే ఎక్కువగా చెడగొట్టేది మనం నిలబడే చోటు. నోయిడా, గురుగ్రామ్ అపార్టుమెంట్ల డాబాలు పగలంతా తాగిన ఎండను రాత్రి కక్కుతాయి, దానికి తోడు ఏసీల వేడిగాలి. పది అంతస్తులు ఎక్కే బదులు కిందికి దిగి పచ్చిక మీద స్టాండు పెట్టుకుంటే గుంతల అంచులు స్పష్టంగా వస్తాయి.

ఇంతకంటే గట్టి అభ్యంతరం ఫోన్ల నుంచి వస్తుంది. మసక చంద్రుడికి లేని వివరాన్ని ఫోనే అతికిస్తోందని 2023లోనే సామ్‌సంగ్ ఫోన్ల మీద రచ్చ జరిగింది. అలాంటప్పుడు ఫొటో ఏం సాక్ష్యం అనవచ్చు. వివరం అతికించిన చంద్రుడి మీద గుంతలతో కొలవడం పనికిరాదన్నది నిజమే. ఆ సదుపాయాన్ని ఆపేసి తీయాలి, లేదా రా ఫైలు దాచుకోవాలి. రెండు ఎక్స్‌పోజర్లు కలపడాన్ని మాత్రం అబద్ధంతో జమకట్టనక్కర్లేదు. ఒకదాని వెంట ఒకటిగా ఒకటి రెండు సెకన్లలో తీసి, కలిపామని చెబితే అది ఎడిటింగ్. గంట తేడాతో తీసిన శనిని తెచ్చి అంచున అతికిస్తే అది కల్పన. గోడకు పెట్టుకోవడానికి బాగానే ఉంటుంది.

చివరి అభ్యంతరం పండితులది. చంద్రుడి అంచును ఉపగ్రహాలు కొండకొండనూ కొలిచేశాయి, ఫలానా ఊళ్ళో ఫలానా సెకనుకు గ్రహం మాయమవుతుందని సాఫ్ట్‌వేరు ముందే చెబుతుంది, ఇక ఈ ఫొటోలతో విజ్ఞానానికి ఒరిగేదేమిటి? గ్రహాల వరకు ఒరిగేదేమీ లేదు. ఆ గొప్ప చెప్పుకోవడం తగదు. మరుగు మీద ఆధారపడిన విజ్ఞానం మన దేశంలోనూ పెద్దదే. 1970లో పూర్తయిన ఊటీ రేడియో టెలిస్కోపును, 530 మీటర్ల ఆ పొడవాటి యంత్రాన్ని, చంద్రుడు రేడియో మూలాలను కప్పే క్షణాల్ని పట్టడానికే కట్టారు. 1977లో యురేనస్ ఒక చుక్కను కప్పినప్పుడు దాని ఉంగరాల జాడ పట్టినవాళ్ళలో కావలూరు వేధశాల పరిశీలకులూ ఉన్నారు. డాబా కెమెరా ఆ పని చేయదు. అది చేయగలిగింది వేరు: పుస్తకంలో చదివిన దూరాన్ని సొంతంగా సరిచూసుకోవడం. హైదరాబాదు నుంచి వచ్చి నెహ్రూ ప్లానిటోరియాన్ని సుమారు రెండు దశాబ్దాలు నడిపి 2021లో కన్నుమూసిన నందివాడ రత్నశ్రీ ఢిల్లీలో చేసింది ఇలాంటి పనే. జంతర్ మంతర్ యంత్రాలను చూసిపోయే కట్టడాలుగా వదిలేయకుండా పిల్లల చేత వాటితో కొలతలు తీయించారు. ఆ కొలతలు ఖగోళశాస్త్రానికి కొత్తవి కావు, కొలిచిన పిల్లలకు కొత్తవి. ఢిల్లీలో ఆంధ్రా ఎడ్యుకేషన్ సొసైటీ పాఠశాలలున్నాయి, హైదరాబాదులో బళ్ళకు కొదవ లేదు. ఈసారి రెండు ఊళ్ళకూ కనిపించే మరుగు వచ్చినప్పుడు, రెండు బళ్ళు ముందుగా ఫోనులో మాట్లాడుకుని, గడియారాలు కలుపుకుని, గ్రహం అంచును తాకడానికి పది నిమిషాల ముందు నుంచి నిమిషానికొక ఫొటో తీస్తే సరిపోతుంది. ఫైలు పేరులో ఊరు, సమయం ఉంటే చాలు. మబ్బు పట్టిన బడికి ఆ రాత్రి సెలవు.