పర్వతం మకుటమైన చోట: హొకుసాయ్ ఫుజి చిత్రమాల - లాడ్ బజార్ నుండి ఒక పఠనం

వ్యాస సంగ్రహం

జపాన్ చిత్రకారుడు కత్సుషికా హొకుసాయ్ (1760-1849) రూపొందించిన 'ఫుజి పర్వతపు ముప్పై ఆరు దృశ్యాలు' అనే కొయ్య అచ్చు చిత్రమాలను ప్రకృతి చిత్రణగా చూడడం పరిపాటి. ఈ వ్యాసం దానిని శ్రమ చిత్రణగా చదువుతుంది. అందుకు తెలుగు శతక ప్రక్రియలోని మకుట భావనను సాధనంగా తీసుకుంటుంది. ఆ పఠనంతో హైదరాబాదు పాతబస్తీలోని లాడ్ బజార్‌ను, దాని తూర్పు కొసన నిలిచిన చార్మినార్‌ను పరిశీలించి, ఒక ప్రసిద్ధ ఆకృతి చుట్టూ ఉన్న జీవితం మన దృశ్యకళలో ఎందుకు నమోదు కాలేదన్న ప్రశ్నను లేవనెత్తుతుంది.

కీలక పదాలు: హొకుసాయ్, ఫుజి, కొయ్య అచ్చు, శతకం, మకుటం, లాడ్ బజార్, చార్మినార్, లక్క గాజులు.

1. ప్రకృతి చిత్రకారుడన్న ముద్ర

హొకుసాయ్ పేరు వినగానే స్ఫురించేవి రెండు చిత్రాలు. ఒకటి కనగావా తీరంలో విరుచుకుపడుతున్న మహాతరంగం. రెండవది దక్షిణపు గాలికి తేటపడిన ఆకాశం కింద ఎర్రబారిన ఫుజి. ఈ రెండే పుస్తకాల అట్టలమీదా గోడల మీదా పదేపదే కనిపించడం వల్ల ఆయన ప్రకృతి ఆరాధకుడన్న అభిప్రాయం స్థిరపడింది. చిత్రమాల మొత్తాన్ని వరుసగా చూసిన వారికి ఈ అభిప్రాయం నిలవదు. 1830 ప్రాంతంలో ఎదో నగరపు ప్రచురణకర్త నిషిమురాయా యొహాచి వెలువరించడం ప్రారంభించిన ఈ మాలలో, పేరు ముప్పై ఆరే అయినా, ఆదరణ కారణంగా మరో పది చేరి నలభై ఆరు చిత్రాలున్నాయి. వాటిలో మనుషులు లేనివి వేళ్లమీద లెక్కించదగినవి. మహాతరంగంలో సైతం మూడు పడవలున్నాయి. తెడ్లకు అంటిపెట్టుకుని వంగిన పడవవాళ్లున్నారు. తరంగపు అందం చూసి మైమరచే మనం వారి ప్రాణభయాన్ని గమనించకుండా దాటిపోతాం.

మిగిలిన చిత్రాలలో కనిపించేది పని. ఓవారి ప్రాంతపు చిత్రంలో ఒక పీపాలు చేసే కార్మికుడు అడుగులేని పెద్ద పీపా లోపల వంగి, చెక్కను చిత్రిక పడుతున్నాడు. ఆ పీపా గుండ్రటి చట్రంలోంచి, పొలాలకు ఆవల, గోరంత ఫుజి కనిపిస్తుంది. అతడు దానిని చూడడం లేదు. తోతోమి కొండల చిత్రంలో ఏటవాలుగా నిలబెట్టిన పెద్ద దూలం మీదికెక్కి ఒకడు, కింద నుండి మరొకడు రంపం కోస్తున్నారు. హొన్జో తతెకావా చిత్రంలో కలప అడితి. కతకురా చిత్రంలో తేయాకు తోట. ఒందెన్‌లో నీటిచక్రం. కాజికాజావాలో బండ అంచున నిలిచి వలతాళ్లు లాగుతున్న జాలరి. ఈ చివరి చిత్రాన్ని ప్రత్యేకంగా చెప్పుకోవాలి. జాలరి వంగిన శరీరం, బండ, నీటిలోకి దిగిన తాళ్లు కలిసి ఒక త్రికోణాన్ని ఏర్పరుస్తాయి. వెనుక పొగమంచులో ఫుజి అదే త్రికోణం. పర్వతం ఆకృతిని మనిషి శ్రమ తన శరీరంతో తిరిగి గీసినట్లుంటుంది.

2. మకుట న్యాయం

విడివిడి చిత్రాలను మాలగా నిలిపే సూత్రం ఏమిటి? స్థలాలు వేరు, ఋతువులు వేరు, వృత్తులు వేరు. కథాక్రమం లేదు. ఏ చిత్రానికి ఆ చిత్రమే సంపూర్ణం. తెలుగు సాహిత్య విద్యార్థికి ఈ నిర్మాణం అపరిచితం కాదు. శతక పద్యాలు ముక్తకాలు. ఒక పద్యానికి మరొక పద్యంతో కథాసంబంధం ఉండనక్కరలేదు. వాటిని ఒక గ్రంథంగా బంధించేవి సంఖ్యా నియమం, మకుట నియమం మొదలైనవి. ఫుజి ఈ చిత్రమాలకు మకుటం.

సంఖ్య విషయంలో ఒక ఆసక్తికరమైన పోలిక ఉంది. శతకమని పేరు పెట్టి నూట ఎనిమిది పద్యాలో అంతకు మించో రాయడం మన కవులకు అలవాటు. హొకుసాయ్ ముప్పై ఆరు అని నలభై ఆరు ఇచ్చాడు. ఆ తరువాత 1834లో మొదటి సంపుటం వెలువడిన 'ఫుజి శతదృశ్యాలు' పేరులో నూరు ఉన్నా, లోపల నూటికి మించిన దృశ్యాలున్నాయి. దానిని ఫుజి శతకమని అనువదించినా తప్పులేదు!

అయితే పోలిక అలంకారప్రాయంగా మిగలకూడదంటే అది చిత్రాలను గురించి కొత్త విషయం చెప్పాలి. ధూర్జటి శ్రీకాళహస్తీశ్వర శతకాన్ని తీసుకుందాం. మకుటం దైవానిది. పద్యశరీరంలో అధికభాగం రాజుల దురహంకారానిది, ఇంద్రియ లౌల్యానిది, లోకవృత్తానిది. ఆ శతకాన్ని కేవలం శివస్తుతి అన్నవాడు పద్యాన్ని వదిలి మకుటాన్ని మాత్రమే చదివినట్లు. హొకుసాయ్‌ను ప్రకృతి చిత్రకారుడనడంలో జరిగిన పొరపాటు సరిగ్గా ఇదే. మకుటం పద్యానికి ఆధారం. అదే పద్య విషయం కానక్కరలేదు.

భేదాలను కూడా గుర్తించాలి. శతకంలో మకుటం సంబోధన. కవి ఎవరినో పిలిచి చెబుతున్నాడు. ఫుజిని ఈ మాలలో చాలామంది పిలవరు, చూడరు కూడా. ఒక దేవాలయపు వేదిక మీది నుండి యాత్రికులు వేలెత్తి చూపే చిత్రం వంటివి ఉన్నా, పనిలో ఉన్నవారి వీపు సాధారణంగా పర్వతం వైపే ఉంటుంది. రెండవది స్థానం. మకుటం పద్యాంతంలో స్థిరం. ఫుజి ఒకచోట పీపాలోంచి, ఒకచోట అలల లోయలోంచి, ఒకచోట వంతెన దూలాల సందులోంచి కనిపిస్తుంది. చూసేవాడు ప్రతిసారీ దానిని వెతుక్కోవాలి. ఆ వెతుకులాటలో కన్ను ముందుగా కార్మికుణ్ణి దాటుకునే వెళ్లాలి. హొకుసాయ్ కూర్పులోని రాజకీయం అక్కడే ఉందని నా అభిప్రాయం.

3. చెక్కినవారు, అద్దినవారు

శ్రమను చిత్రించిన ఈ చిత్రాలే శ్రమ విభజన ఫలితాలు. చిత్రకారుడు గీసిన పలుచని కాగితాన్ని చెర్రీ చెక్కమీద తిరగేసి అంటించి, గీతలు మిగిలేలా చెక్కడం ఒకరి పని. రంగుకొక చెక్క చొప్పున సిద్ధం చేసి, మూలగుర్తులకు కాగితాన్ని సరిపెట్టి, చేతి దిండుతో రుద్ది అచ్చు తీయడం మరొకరి పని. పెట్టుబడి, అమ్మకం ప్రచురణకర్తవి. పెడన అద్దకం చూసినవారికి ఈ పద్ధతి కొత్తగా అనిపించదు. అక్కడా గీతకొక అచ్చు, నింపే రంగుకొక అచ్చు. రెండవ అచ్చు వెంట్రుకవాసి పక్కకు జరిగితే గుడ్డ పాడు.

బెర్లిన్‌లో 18వ శతాబ్ది తొలినాళ్లలో పుట్టిన ప్రష్యన్ నీలం సముద్ర వాణిజ్యం ద్వారా జపాన్ చేరి, 1830 నాటికి అచ్చు చిత్రాలకు అందుబాటులోకి వచ్చింది. ఈ మాలలోని తొలి చిత్రాలకు గీతలు సైతం నీలమే. తరువాత చేర్చిన పదింటికి నల్ల గీతలు. ఆకాశం పైనుండి కిందికి నీలం క్రమంగా పలచబడే తీరు అచ్చువేసేవాడు చెక్కమీది రంగును తుడిచే నేర్పును బట్టి ఉంటుంది. అందుకే ఒకే చిత్రపు రెండు ప్రతులు ఒకేలా ఉండవు. సామాన్య పట్టణవాసి కొనుక్కోగలిగిన చవుక సరుకు ఇది. దానిమీద సంతకం హొకుసాయ్‌ది, ముద్ర ప్రచురణకర్తది. ఎర్ర ఫుజిలోని ఆ ఎరుపును తేల్చిన చేయి ఎవరిదో చిత్రం మీద ఉండదు.

4. లాడ్ బజార్ నుండి

మహబూబ్ చౌక్ గడియార స్తంభం వైపు నుండి తూర్పుకు నడిచేవారికి లాడ్ బజార్ ఒక హొకుసాయ్ కూర్పులా తెరుచుకుంటుంది. రెండువైపులా గాజుల దుకాణాలు, ముందుకు చాచిన పరదాలు, బోర్డులు, తలపైన తీగలు. ఆ సందులో ఒక మినారు, మరికొంత నడిస్తే రెండవది. 1591 నాటి కట్టడం బజారు కొసన మకుటంలా నిలిచి ఉంటుంది. దుకాణదారు దానివైపు చూడడు. అతడి చూపు కొనుగోలుదారు మణికట్టు మీద. హొకుసాయ్ గీసిన సురుగాచో చిత్రంలోనూ ఇదే స్థితి. ఎదోలోని మిత్సుయి వారి వస్త్రదుకాణపు కప్పు మీద పనివాళ్లు పెంకు సర్దుతుంటారు. కప్పు త్రికోణాల పక్కన ఫుజి చిన్న త్రికోణం. (ఆ దుకాణం బేరం లేని నగదు అమ్మకానికి పేరుపొందింది. లాడ్ బజార్‌లో ఆ నియమం చెల్లదని వేరే చెప్పనక్కరలేదు.)

మరి ఈ దృశ్యం మన చిత్రకళలోకి ఎలా వచ్చింది? చార్మినార్ బొమ్మకు కొదవ లేదు. ఆసఫ్‌జాహీల రూపాయి నాణెం మీద ఉంది. 1931లో వెలువడిన హైదరాబాదు తపాలా బిళ్ల మీద ఉంది. సిగరెట్టు పెట్టె మీద ఉంది. 2014 నుండి తెలంగాణ రాజముద్రలో కాకతీయ తోరణం నడుమ ఉంది. వీటన్నింటిలో కట్టడం నడిమధ్యన, ఎదురుగా, నాలుగు మినార్ల సౌష్ఠవంతో, ఒంటరిగా నిలుస్తుంది. చుట్టూ బజారు లేదు. నాణెం, ముద్ర వంటి అధికార చిహ్నాలకు ఆ ఏకాంతం అవసరం కావచ్చు. సమస్య ఏమిటంటే, ఆ చిహ్నపు చూపే మన కళాదృష్టిగా కూడా స్థిరపడింది. పద్యం లేని మకుటాన్ని పదేపదే అచ్చువేసుకుంటున్నాం.

కట్టడాన్ని పర్వతంతో పోల్చడం అసంగతమన్న ఆక్షేపణ రావచ్చు. ఫ్రెంచి చిత్రకారుడు ఆన్రి రివియేర్ దానికి జవాబు. హొకుసాయ్ ప్రభావంతో ఆయన 'ఐఫెల్ టవర్ ముప్పై ఆరు దృశ్యాలు' తలపెట్టాడు. మొదట కొయ్య అచ్చుతో ప్రయత్నించి, చివరకు లిథోగ్రఫీలో పూర్తిచేసి 1902లో ప్రచురించాడు. అందులో పారిస్ పేటల కప్పులు, నదీతీరపు పనులు ముందుంటాయి. గోపురం దూరాన ఉంటుంది. రివియేర్ ఇంకొక అడుగు వేసి, గోపురం నిర్మాణంలో ఉన్నప్పుడు దానిమీద ఎక్కి పనిచేసినవారిని కూడా చిత్రించాడు. ఫుజిని ఎవరూ కట్టలేదు. టవర్‌ను, చార్మినార్‌ను మనుషులే కట్టారు. కనుక కట్టడం మకుటమైనప్పుడు ముందున్నదీ శ్రమే, వెనుకనున్నదీ శ్రమే.

ముద్రణ కళలో మనకు సామర్థ్యం లేదనడానికి వీల్లేదు. బరోడాలో ఆ విద్య నేర్చిన కె. లక్ష్మాగౌడ్ ఎచింగుల్లో తెలంగాణ పల్లె మనుషులు, మేకలు, చెట్లు దట్టంగా ఉన్నాయి. పాతబస్తీ బజారుకు అటువంటి మాల దొరకలేదు. దాని లోటు కొంత తీర్చింది కథ. నెల్లూరి కేశవస్వామి 'చార్మినార్ కథలు' ముక్తకాల వంటి కథలను ఒక పేరు కింద చేర్చిన సంపుటి. సంస్థానం చివరి రోజుల హైదరాబాదులో హిందూ ముస్లిం కుటుంబాల సంబంధాలు, వాటి తెగుదలలు అందులో విషయం. కట్టడాన్ని వర్ణించడం ఆయనకు ముఖ్యం కాదు. అది శీర్షికలో ఉంది, మనుషులు కథల్లో ఉన్నారు. మకుట న్యాయం తెలుగులో ఈ కట్టడానికి సార్థకంగా పనిచేసిన సందర్భంగా ఆ సంపుటిని నేను చదువుతాను.

5. మకుటం కనబడని గది

చిత్రమాలలో ఒక అపవాదం ఉంది. యాత్రికులు పర్వతం ఎక్కుతున్న చిత్రంలో ఫుజి ఆకృతి కనిపించదు. నిట్రమైన రాళ్లు, నిచ్చెన, చేతికర్రలతో ఎక్కేవాళ్లు, పక్కన గుహలో ఒకరినొకరు ఆనుకుని ముడుచుకున్నవాళ్లు. ఇంతే. ఆ త్రికోణం ఎక్కడ? వారి కాళ్ల కిందే. పర్వతం మీద ఉన్నవారికి పర్వతం కనబడదు. మకుటం లేని ఈ పద్యాన్ని మాలలో చేర్చడం హొకుసాయ్ సాహసం.

లాడ్ బజార్‌కు పేరు తెచ్చిన లక్క గాజు దుకాణంలో తయారుకాదు. చుట్టుపక్కల గల్లీల్లో, ఇళ్లలో, కుంపటి ముందు కూర్చున్న చేతుల్లో తయారవుతుంది. ఆ చేతుల్లో స్త్రీలవి ఎక్కువ. లక్కను నిప్పుమీద మెత్తబరచి, కడ్డీగా సాగదీసి, కొలతకు వంచి, కొసలు అతికి, వేడి ఆరకముందే ఒక్కొక్క రాయి పొదుగుతారు. ఆరితే రాయి నిలవదు, మరీ వేడైతే గాజు వంకరపోతుంది. అచ్చువేసేవాడికి తడి ఎలాగో వీరికి వేడి అలాగ. 2024లో హైదరాబాదు లక్క గాజులకు భౌగోళిక గుర్తింపు లభించింది. గుర్తింపు ఊరికి, వస్తువుకు వచ్చింది. గాజు మీద సంతకం ఎప్పటిలాగే లేదు.

ఆ గదుల్లోంచి చార్మినార్ కనిపించదు. చార్మినార్ ముప్పై ఆరు దృశ్యాలను ఎవరైనా చెక్కదలిస్తే, బజారు నుండి, కప్పుల మీది నుండి, ఛత్తా బజార్ ముద్రణాలయాల మెట్ల నుండి గీయడానికి పెద్ద చిక్కు లేదు. ఈ గదిని ఎలా గీస్తారన్నదే ప్రశ్న. కిటికీలో బలవంతంగా ఒక మినారును ఇరికిస్తే అది తపాలా బిళ్ల అవుతుంది. యాత్రికుల చిత్రంలోలాగ మినారును పూర్తిగా వదిలి, కుంపటినీ, ఎర్రబడిన లక్కనూ, దానిమీద రాయిని నిలుపుతున్న వేలికొసలనూ మాత్రమే గీసి, మాలలో ఒక సంఖ్య ఇచ్చి నిలపవలసి ఉంటుంది.