వేళ్ళతో సహా అతికించిన చెనక్కాయ చెట్టు

హెర్బేరియం షీటంటే చూపుకు ఏమంత గొప్పగా ఉండదు. ఎండిన కొమ్మ అతికించిన దళసరి కాగితం, సుమారు 42 సెంటీమీటర్ల పొడవు, 28 సెంటీమీటర్ల వెడల్పు, కుడివైపు కింద ఒక చీటీ. తిరుపతి శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయం వృక్షశాస్త్ర విభాగంలో ఇలాంటివి భద్రపరుస్తారు. ప్రపంచం మొత్తం మీద మూడు వేలకు పైగా హెర్బేరియాల్లో దాదాపు 40 కోట్ల నమూనాలున్నాయని లెక్క. వాటిలో ప్రతిదీ ఎవరో ఒకరు కూర్చుని చేత్తో చేసినదే. బాగా చేసిన షీటు ఒకటి ముందు పెట్టుకుంటే హైస్కూలు పిల్లలకు జీవశాస్త్రంలో చాలా పాఠాలు దాని మీదే చెప్పొచ్చు. అలా చెప్పించగల పనితనం ఎక్కడుంటుందో రెండు మొక్కల సాయంతో చూద్దాం.

మొదటిది శేషాచలం కొండల ఎర్రచందనం. మంచి షీటు మీద దీని ఆకులన్నీ ఒకే వైపు తిరిగి ఉండవు. ఒక్క ఆకునైనా బోర్లా తిప్పి నొక్కుతారు. ఒక్కో ఆకులో సాధారణంగా మూడు పత్రకాలు. వాటి పైభాగం నునుపు, అడుగున మాత్రం సన్నటి నూగు, బూడిద ఛాయ. అన్నీ వెల్లకిలా అతికిస్తే ఆ నూగు కాగితానికీ ఆకుకీ మధ్య శాశ్వతంగా దాగిపోతుంది. పూలదీ అదే సంగతి. గుత్తిని గుత్తిగా నొక్కేసి ఊరుకోకుండా, పచ్చిగా ఉన్నప్పుడే ఒకటి రెండు పూలను విప్పి, రేకులు పరిచి, విడిగా నొక్కుతారు. అప్పుడు పసుపు రేకులు ఐదూ లెక్కకొస్తాయి. వెనక నిలబడే పెద్దది ధ్వజం, చెరోపక్కన రెక్కల్లాంటివి రెండు, కింద ద్రోణిగా కలిసిన చిన్నవి రెండు. ఆ ద్రోణిలో కాడలు కలిసిపోయిన కేసరాలు, వాటి నడుమ అండాశయం. కాయ గుండ్రంగా, పల్చగా, చుట్టూ గాలికి ఎగిరే అంచుతో ఉంటుంది. దాన్ని కొమ్మకు ఉన్నట్టే ఉంచుతారు. రాలిన గింజల కోసం చిన్న కాగితపు పొట్లం కట్టి షీటు మూలన అతికిస్తారు. ఆ పొట్లం ఉన్న షీటు చూస్తే నాకు చేసినవాళ్ళ మీద గౌరవం పెరుగుతుంది. రాలిపోయినదాన్ని కూడా పారేయలేదు కదా!

షీటు మీద దుంగ ఉండదు. లారీల్లో దొంగతనంగా తరలించేది, కోట్లు పలికేది చెట్టు నడిమి చేవ. అది చచ్చిన దారు కణాలతో నిండిన భాగం, శాంటలిన్ అనే ఎర్రని రంగు పదార్థం చేరేది అక్కడే. జాతిని పోల్చుకోవడానికి ఆకు, పువ్వు, కాయ చాలు. అతికించలేనివన్నీ చీటీలోకి ఎక్కుతాయి. మొసలి వీపులా పలకలు పలకలుగా చీలిన నల్లని బెరడు, గాటు పెడితే కారే ఎర్రని స్రావం, పువ్వు రంగు, కొండ పేరు, ఎత్తు, తేదీ, సేకరించినవారి పేరు, క్షేత్ర పుస్తకంలోని వరస సంఖ్య. పువ్వు ఎండాక రంగు మారిపోతుంది. అందుకే సేకరించిన చోటే రాసుకోవాలి, ఇంటికొచ్చి గుర్తు తెచ్చుకుంటే కుదరదు.

రెండోది చిత్తూరు రైతుకు చిన్నప్పటినుంచీ తెలిసిన చెనక్కాయ. అసలు పరీక్ష ఇక్కడే. పనితనం లేని చెయ్యి పసుపు పువ్వును కాడ పట్టి తుంచి, అందంగా నొక్కి, అతికించేస్తుంది. కాడ అనుకున్నది కాడ కాదు. నాలుగైదు సెంటీమీటర్లు ఉండే ఆ సన్నని భాగం పువ్వుకే చెందిన గొట్టం. కీలం దాని లోపలి గుండానే పైకి వెళ్తుంది. అండాశయం ఎక్కడో కింద, ఆకు కణుపు మొదట్లో కూర్చుని ఉంటుంది. పువ్వును తుంచినవాడు రేకులు తెచ్చుకుని, గింజ కాబోయేదాన్ని చెట్టు మీదే వదిలేసి వచ్చాడన్నమాట. తెలిసినవాళ్ళు కణుపుతో సహా కోస్తారు, గొట్టాన్ని నిలువునా చీల్చి లోపలి కీలం కనిపించేలా పరుస్తారు. ఇంత చిన్న పనిలో ఫలదీకరణ పాఠం మొత్తం ఉంది: పుప్పొడి పడేది పైన కీలాగ్రం మీద, అండం ఉన్నది అడుగున, మధ్యలో అంత దూరం పరాగనాళం పెరుగుతూ పోవాలి.

పువ్వు పొద్దున్నే విచ్చుకుని ఆ రోజే వాడిపోతుంది. తర్వాత అండాశయం మొదలు సాగి ఊడగా మారి, భూమి వైపు దిగుతుంది. దాని కొసన ఫలదీకరణ చెందిన అండాలుంటాయి. ఊడ మట్టిలోకి దిగాకే కాయ ఊరుతుంది, గాల్లోనే ఆగిపోతే కాయ లేదు. ఊడలు దిగే రోజుల్లో వాన పడాలని రైతులు ఆకాశం వైపు చూసేది అందుకే. కాబట్టి చెనక్కాయ షీటుకు కొమ్మ సరిపోదు, చెట్టునే పెరకాలి. మట్టి మెల్లగా కడిగి, ఒక ఊడ గాల్లో, ఒకటి అప్పుడే దిగినది, ఒకటి కాయతో ఉన్నది, మూడూ ఒకే మొక్క మీద కనిపించేలా పరచాలి. వేరు బుడిపెలు రాలకుండా చూడాలి. వాటిలో ఉండే బ్యాక్టీరియా గాల్లోని నత్రజనిని మొక్కకు అందేలా మారుస్తుంది. పచ్చి బుడిపెను కోస్తే లోపల ఎరుపు. అది లెగ్‌హీమోగ్లోబిన్, మన నెత్తుటిలోని హీమోగ్లోబిన్‌కు చుట్టం. ఎండితే ఆ ఎరుపు పోతుంది, దాన్నీ చీటీలోనే రాయాలి.

ఇప్పుడు రెండు షీట్లనూ పక్కపక్కన పెట్టండి. ఒకటి కొండ మీద ఏళ్ళ తరబడి నిదానంగా చేవదేలే మాను, ఇంకొకటి దక్షిణ అమెరికా నుంచి వచ్చి నాలుగు నెలల్లో పంట ముగిసే మొక్క. విప్పి పరిచిన పూలలో మాత్రం అదే ధ్వజం, అవే రెక్కలు, అదే ద్రోణి. రెండూ చిక్కుడు కుటుంబానివే. అంతేకాదు, ఆ పెద్ద కుటుంబంలో కూడా ఈ రెండు ప్రజాతులూ దగ్గరి శాఖకే చెందుతాయని డీఎన్ఏ పరిశోధనలు తేల్చాయి. పువ్వును విప్పకుండా గుత్తిగా నొక్కిన షీట్లలో పిల్లలకు ఈ చుట్టరికం కంటికి కనిపించే అవకాశమే లేదు. వర్గీకరణ అంటే పేర్లు బట్టీ పట్టడమన్న భయం పోవాలంటే ఇలాంటి రెండు షీట్లు బల్ల మీద ఉండాలని నా గట్టి నమ్మకం.

జిల్లా అంతటా సాగిన ఇలాంటి శ్రమకు 2008లో తిరుపతిలో అచ్చయిన చిత్తూరు జిల్లా పుష్పించే మొక్కల గ్రంథం నిదర్శనం. కె. మాధవ చెట్టి, కె. శివాజీ, కె. తులసీరావు దాన్ని ఇంగ్లీషులో కూర్చారు. 2022లో తిరుపతి వేరే జిల్లా అయినా మొక్కల కోసం ఆ పుస్తకాన్నే తిరగేస్తారు. ఔషధ మొక్కల మీద పనిచేసే ఫార్మసీ విద్యార్థుల పరిశోధన పత్రాల్లో, మొక్కను గుర్తించి ధ్రువీకరించింది తిరుపతిలో అన్న వాక్యం తరచూ కనిపిస్తుంది.

కొన్ని మొక్కలు ఎంతటి పనివాడినైనా ఇబ్బంది పెడతాయి. ఈ కొండల్లోని పేరిత, అంటే సైకస్ బెడ్డోమీ, అలాంటిది. 1883లో శాస్త్రీయ నామం పొందిన ఈ వివృతబీజానికి పువ్వూ లేదు, కాయా లేదు. మగ మొక్క వేరు, ఆడ మొక్క వేరు కాబట్టి ఒక్క మొక్క నుంచి తెచ్చిన నమూనా సగం కథే చెబుతుంది. మగ శంకువు దళసరి, కాగితం మీద నిలవదు. దాన్ని పెట్టెలో వేరుగా దాచి, షీటు మీదా పెట్టె మీదా ఒకే సంఖ్య వేయాలి. ఈ మొక్కకు అంతర్జాతీయ వాణిజ్య నిషేధంతో కూడిన రక్షణ ఉంది, పిల్లలు ముట్టుకోకూడదు. ఎర్రచందనాన్ని కూడా అడవిలో కొయ్యకూడదు, అటవీశాఖ అనుమతి కావాలి.

బడి పిల్లలు చెనక్కాయతో మొదలుపెట్టొచ్చు. జూన్, జులైలో విత్తిన చేను నెల తిరిగేసరికి పూతకొస్తుంది. తిరుపతి వ్యవసాయ పరిశోధన స్థానం విడుదల చేసిన ధరణి, నారాయణి లాంటి రకాలు ఈ ప్రాంతానివే. రైతును అడిగి ఒక్క మొక్క తెచ్చుకుంటే చాలు. పాత న్యూస్‌పేపర్ల మధ్య పెట్టి పైన బరువు పెట్టాలి, మొదటి రోజుల్లో కాగితాలు రోజూ మార్చాలి. మార్చకపోతే బూజు పడుతుంది. బాగా ఎండాక లావు కాండాన్ని దారంతో కుట్టి, మిగతాదాన్ని జిగురుతో అతికించాలి. రాలిన ప్రతి రేకూ పొట్లంలోకి.